మైకు కిరాయిది, మాట నాది

ధర్నాకు రమ్మని జనాన్ని పిలిస్తే దేశద్రోహం అవుతుందా అని మీరెవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పేయగలను. కానీ ఆ ఒక్క ముక్కను నిండు కోర్టులో, సర్కారు జీతం తీసుకుంటూ, సర్కారు తరఫున నిలబడి చెప్పాల్సి వచ్చినప్పుడు నాలుక ఎలా పిడచకట్టుకుపోతుందో చెప్పడానికి మాత్రం కొంచెం చోటు కావాలి. కొత్తగా నల్లకోటు వేసుకుని ప్రాసిక్యూటర్ కుర్చీలో కూర్చుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఈ సంగతే అడుగుతుంటారు. ఫోన్లో చెబితే సగంలో "మేడమ్, జడ్జిగారు బెంచి ఎక్కిండ్రు, మళ్ల చేస్త" అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను.

నేను అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా రిటైరయ్యాను. పోలీసులు కేసు పెడితే మేజిస్ట్రేటు ముందు దాన్ని నడిపేది మేము. పుట్టి పెరిగింది యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో. ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచింది పాతబస్తీ అంచున ఉన్న ఒక కోర్టులో. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, కోర్టులో ఇంగ్లీషు, కోపమొస్తే మూడూ కలిపి. నా కోపం సంగతి ఆ కోర్టులో కుర్చీలకు కూడా తెలుసు.

ఆ కోర్టు గురించి ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి ఉండేది. తలుపుకు తాళం కూడా ఉండేది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకరిని చూపించేవారు, ఆ ఇంకొకరు సెలవులో ఉండేవారు. అందుకని నేను పొద్దున చాయ్ సగమే తాగి బయలుదేరేదాన్ని, మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. "మేడమ్‌ది ఎంత ఓపిక, గంటలు గంటలు వాదించినా నీళ్లు అడగరు" అని గుమాస్తాలు మెచ్చుకునేవారు. ఓపిక కాదు నాయనలారా, తాళం.

ఇక ఆ కేసు. కొత్త చట్టాలు వచ్చాక జరిగింది, నా సర్వీసు చివరి ఏడాదిలో.

ఒక బంద్ జరిగిన మర్నాడు పొద్దున్నే మా ఇన్‌స్పెక్టర్ నా గదికి వచ్చాడు. వేరే జిల్లా నుంచి బదిలీ అయి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. మంచివాడే. లంచగొండి కాదు, చేయి చేసుకునే రకం కాదు. యూనిఫాం ఇస్త్రీ నలగకుండా కూర్చునేవాడు. ఆయన వెనకాలే మా కోర్టు కానిస్టేబుల్. స్టేషన్‌కు, కోర్టుకు మధ్య కాగితాలు మోయడం ఆయన పని. వయసులో అందరికంటే పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనే పిలిచేదాన్ని. ఆయన తిరగని గల్లీ, చాయ్ తాగని హోటల్ పాతబస్తీలో లేవు.

"ఒక ఆడామెను అరెస్టు చేసినం మేడమ్. పగటాల రిమాండ్‌కు పెడుతున్నం. సెక్షన్ జర పెద్దది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చూశాను. పెద్దదే. పాత చట్టంలో రాజద్రోహం అని ఉండేది కదా, దాన్ని పై కోర్టు ఆపేసింది, తర్వాత కొత్త చట్టంలో ఆ పేరే లేకుండా చేశారు. దాని స్థానంలో దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే పనుల గురించి ఇంకో సెక్షన్ వచ్చింది. యావజ్జీవం దాకా శిక్ష. పేరు మారినా స్టేషన్లలో దాన్ని ఇంకా రాజద్రోహమనే పిలుస్తున్నారు. సవతి తల్లి పోయి పినతల్లి వచ్చినట్టు.

"ఏం చేసిందట?"

"మైకు పట్టుకొని జనాన్ని రెచ్చగొట్టింది."

ఆమె ఎవరో అప్పుడు తెలిసింది. తెలియడమేమిటి, ఆ గొంతు నాకు కొన్నేళ్లుగా తెలుసు, మనిషినే చూడలేదు. ఆటోకు మైకు కట్టుకుని ఫలక్‌నుమా నుంచి జల్‌పల్లి దాకా గల్లీ గల్లీ తిరిగి కేకేసే మనిషి. చీరల సేల్ ఆమే చెప్పేది, తప్పిపోయిన పిల్లవాడి చొక్కా రంగు ఆమే చెప్పేది, ఫలానా ఇంట్లో పెద్దమనిషి పోయాడు, ఫలానా టైముకు తీసుకుపోతారు అని కూడా ఆమే చెప్పేది. పోలియో చుక్కలు, ఇంటి పన్ను, కుక్కలకు సూదులు, సర్కారు ఏ సంగతి చెప్పాలన్నా ఆమె గొంతునే కిరాయికి తీసుకునేది. ముందు ఆమె పెనిమిటి ఆ పని చేసేవాడట. అతను పోయాక ఆమె మైకు అందుకుంది. ఆటో కిరాయిది, మైకు కిరాయిది. ఒక్కతే కూతురు, నర్సింగ్ చదువుతోంది.

జల్‌పల్లి వైపు కొత్త కాలనీల్లో మంచినీటి నల్లాల్లో మోరీ మురుగు కలిసింది. మునిసిపాలిటీ వాళ్లు ఆమెను పిలిచి, నీళ్లు కాచి చల్లార్చి తాగమని బస్తీలన్నీ తిరిగి చెప్పమన్నారు. చెప్పింది. వారం చెప్పింది. ఇంకో వారం చెప్పింది. పైపు మాత్రం ఎవరూ బాగు చేయలేదు, పిల్లలు వాంతులు విరేచనాలతో దవాఖానా పాలయ్యారు. ఒకనాడు పొద్దున ఎప్పటిలాగే మునిసిపాలిటీ మాట చెప్పి, సాయంత్రం అదే ఆటోలో అదే మైకు పట్టుకుని ఇంకో మాట చెప్పింది. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియోను ఇన్‌స్పెక్టర్ నాకు వినిపించాడు.

"అక్కలారా, అన్నలారా, భాయియో, బెహెనో! పదిహేను దినాల సంది నీళ్లు కాచుకొని తాగుండ్రని నేనే చెప్పిన. ఇగ చెప్ప. కాచినా మోరీ మోరీనే. సోమవారం అందరు దుకానాలు బంద్ చేసి మునిసిపాలిటీ ఆఫీసు ముంగట కూసోవాలె. మంచినీళ్లియ్యని సర్కారును మేం ఒప్పుకోం. నీళ్లన్న రావాలె, లేకుంటె గీ సర్కారన్న దిగాలె. గప్పటిదాక ఎవ్వలు లేవద్దు!"

గొంతు ఖంగుమంటోంది. చీరల సేల్‌కు వాడే గొంతే.

"విన్నరు గద మేడమ్. సర్కారును ఒప్పుకోం అంటుంది. సర్కారు దిగాలె అంటుంది. సోమవారం బజారు మొత్తం ఆమె మాట మీద బంద్ అయింది. సర్కారు మాట నడవలే, ఆమె మాట నడిచింది. ఒక పెద్దాయన కాన్వాయ్ రోడ్డు మీద ఇరుక్కపోయింది. పైకెల్లి ఫోన్ల మీద ఫోన్లు."

అసలు నొప్పి ఎక్కడుందో ఆ చివరి మాటలో దొరికింది. కానీ ఇన్‌స్పెక్టర్ అక్కడితో ఆగలేదు. గొంతు తగ్గించి, నిజంగానే ఫికర్ పడుతూ అన్నాడు.

"మేడమ్, మీరు ఇక్కడనే పుట్టిండ్రు. ఇక్కడ ఒక్క మాట ఎట్ల అంటుకుంటదో నాకంటె మీకే ఎక్కువ ఎరుక. ఇయ్యాల నీళ్ల కోసం పిలిచింది. రేపు ఇంకెవడో ఇంకో దానికి పిలుస్తడు. మొదలే ఆపకుంటె ఎట్ల?"

ఈ మాటను నేను తీసిపారేయలేదు. చిన్నప్పుడు కర్ఫ్యూలు చూసినదాన్ని. పాలు లేక, పక్కింట్లో ఏమవుతోందో తెలియక, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చున్నవాళ్లం. ఆయన భయం ఉత్త భయం కాదు. కానీ భయం ఎంత నిజమైనా అది నేరానికి రుజువు కాదు. ఆ రెంటినీ కలిపేస్తే ఇక ప్రాసిక్యూటర్ ఎందుకు, తాయెత్తులు కట్టేవాడు చాలు.

"ఆ బంద్ వీడియో ఉందా?" అన్నాను.

ఉంది. ఇంకో ఫోన్లో చూపించాడు. బజారు పొడుగునా దుకాణాలు. "చూడండి, ఒక్కడు తెరవలే. మొత్తం భయంతోని మూసుకున్నరు" అన్నాడు.

నేను చూశాను. రెండోసారి పెట్టమని మళ్లీ చూశాను. అన్న వైపు చూస్తే ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. పాతబస్తీ మనిషికి ఆ వీడియోలో ఏం కనిపిస్తుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం తెలియదు. దాని సంగతి కోర్టులో చెబుతాను.

"సార్, ఈ సెక్షన్ నిలబడదు. రోడ్డు ఆపినందుకు, పర్మిషన్ లేకుండా మైకు వాడినందుకు కేసు పెట్టుకోండి. అవి ఉన్నయి. ఇది మాత్రం తీసేయండి" అన్నాను.

"నా చేతుల లేదు మేడమ్" అన్నాడాయన.

ఆయన వెళ్లిన కాసేపటికి మా పై ప్రాసిక్యూటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన నాకంటే సీనియర్, నాకు పని నేర్పినవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు.

"చెల్లెమ్మా, నీళ్ల లొల్లి కేసు నీ దగ్గరికి వచ్చిందట గద. నువ్వు ఏం అనకు. వాళ్లు పెట్టిన కాయితం పెట్టు, 'రికార్డు ప్రకారం చూడండి' అని కూసో. మేజిస్ట్రేటు ఏం చేస్తడో చెయ్యని. నీకేం పోతది?"

"అన్నా, ఆ సెక్షన్ కింద పోతే ఆమె ఎన్ని నెలలు లోపల ఉంటదో నీకు ఎరుకనే గద."

"ఎరుకనే. గని రిటైర్‌మెంట్ ముంగట ఎందుకు నీకు గీ పంచాయితీ?"

ఫోన్ పెట్టేశాక ఆ రిమాండ్ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. భయం వేసింది, దాచుకోవడం దేనికి. పింఛను కాగితాలు సర్కారు బల్లల మీద తిరుగుతున్న రోజులవి. ఆయన చెప్పింది పాపిష్టి సలహా కూడా కాదు, మా వృత్తిలో రోజూ నడిచే దారి. పోలీసు రాస్తాడు, ప్రాసిక్యూటర్ చదువుతాడు, మేజిస్ట్రేటు సంతకం పెడతాడు. ముగ్గురిలో ఎవరినడిగినా నేను చేసిందేముంది అంటారు. మధ్యలో మనిషి మాత్రం జైలుకు పోతుంది. అలా కూర్చుంటే భయం పోయి మెల్లగా కోపం వచ్చింది. నాకు కోపం వస్తే మంచిదే, పని సాఫీగా జరుగుతుంది.

మధ్యాహ్నం ఆమెను తెచ్చారు. సన్నటి మనిషి, నలభై దాటి ఉంటాయి. ఆ గొంతుకు నేను ఊహించుకున్న ఒడ్డూ పొడుగూ ఏమీ లేవు. వరండాలో బల్ల మీద కూర్చుంది, పక్కన మహిళా కానిస్టేబుల్. ఆమెకు సర్కారు ఖర్చుతో పెట్టిన కుర్ర వకీలు ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. నేను వాళ్లను దాటి పోతుంటే మాటలు వినబడ్డాయి. మైకుల్లో మాట్లాడే మనిషికి గుసగుస రాదు, ఆ కుర్రాడికీ ఇంకా అలవాటు కాలేదు.

"అక్కా, ఎవరో కాయితం రాసిచ్చిండ్రు, కిరాయికి చదివిన అని చెప్పు. అంతే. నువ్వు రోజు చేసేది గదే గద. ఇయ్యాలనే ఇంటికి పోతవు."

"ఎవలు రాసిచ్చిండ్రు అంటరు గద?"

"యాదికి లేదు అను."

"యాదికి లేకపోతె దొరికిన ప్రతొక్కన్ని పట్టుకపోతరు. మా కాలనీల ఎవ్వలు రాయలే. నేనే చెప్పిన."

"అక్కా..."

"మైకు కిరాయిది సారూ. మాట నాది. పదేండ్ల సంది కిరాయి మాటలే చెప్పిన, ఒక్క మాట నా సొంతానికి చెప్పుకుంటె అది గూడ కిరాయిదే అనమంటవా?"

నేను ఆగి ఆమె వైపు చూశాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణం ఆమె మీద నాకు మెచ్చుకోలు కలగలేదు, ఒళ్లు మండింది. తప్పించుకునే దారి ముందు పెడితే కాలదన్నుకునే మనిషితో ఎలా? ఆమె కిరాయి మాట అనేసి ఉంటే మేజిస్ట్రేటు వదిలేసేవాడు, ఇన్‌స్పెక్టర్‌కు పరువు దక్కేది, నాకు పింఛను కాగితం దక్కేది. ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. ఆ మాట ఆమెదే అని తేలాక, ఇక ఆ మాట ద్రోహమా కాదా అనేది తేల్చాల్సిందే.

"కూతురు చదువు ఏం గావాలె? పోలీసు కేసున్న తల్లి బిడ్డకు నౌకరి ఎవలిస్తరు?" అన్నాడు కుర్ర వకీలు ఆఖరి ఆయుధంగా.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. "బిడ్డనే నిన్న స్టేషన్ల చెప్పింది, మాట మార్చకు అమ్మా అని" అంది. ఆ తర్వాత మహిళా కానిస్టేబుల్ వైపు తిరిగి, "చెల్లె, పొద్దటి సంది బాత్రూముకు పోలే, యాడున్నది?" అని అడిగింది. కానిస్టేబుల్ నన్ను చూసింది. నేను తాళం వైపు చూశాను. చివరికి మా కోర్టు కానిస్టేబుల్ అన్నే ఆమెను, మహిళా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ వాళ్లింటికి తీసుకుపోయాడు.

పిలుపు వచ్చింది. మేజిస్ట్రేటు చిన్నవాడు, మాటలు తూచి మాట్లాడేవాడు, బయటి జిల్లా మనిషి. కోర్టు నిండా జల్‌పల్లి జనం. ఇన్‌స్పెక్టర్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు. నేను లేచాను.

"యువర్ ఆనర్, రోడ్డు ఆపడం, అనుమతి లేకుండా మైకు వాడడం, ఈ రెంటి వరకు కేసు ఉంది. పెద్ద సెక్షన్ కింద మాత్రం ప్రాసిక్యూషన్ రిమాండ్ కోరడం లేదు."

పక్కన ఇన్‌స్పెక్టర్ చటుక్కున నా వైపు తిరిగాడు. మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కోరడం లేదా? మీ పోలీసులే పెట్టారు కదా మేడమ్."

"పెట్టారు. నేను పోలీసు వకీలును కాను, సర్కారు వకీలును. నిలబడని దాన్ని నిలబెట్టడం సర్కారుకు కూడా మంచిది కాదు."

కారణం చెప్పమన్నాడు. చెప్పాను. ఆ రోజు చెప్పింది ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఇదే. సర్కారు వేరు, దేశం వేరు. సర్కారు మనం ఓట్లేసి కూర్చోబెట్టినవాళ్లు. వాళ్లు దిగాలి అనడం ద్రోహమైతే, ఎన్నికల్లో ప్రతి పార్టీ వాడూ ప్రతి సభలోనూ ఆ ద్రోహమే చేస్తున్నాడు. పాత చట్టం కింద కూడా పై కోర్టులు ఎప్పటి నుంచో చెబుతున్నది ఒకటే, సర్కారును ఎంత ఘాటుగా తిట్టినా, హింసకు ఉసిగొల్పనిదే అది నేరం కాదని. కొత్త సెక్షన్‌లో సాయుధ తిరుగుబాటు, దేశాన్ని ముక్కలు చేయాలనే వేర్పాటు, దేశాన్ని కూలదోసే కార్యకలాపాలు, వాటికి ఉసిగొల్పడం, ఇవీ మాటలు. సర్కారు చేసే పనులు నచ్చక, చట్టం ఒప్పే దారిలో వాటిని మార్పించుకోవాలని విమర్శించడం వేరే సంగతి అని దాని కిందే రాసి ఉంది. ఈమె కత్తి పట్టమన్లేదు, రాయి విసరమన్లేదు, దేశం నుంచి జల్‌పల్లి విడిపోవాలనలేదు. కూర్చోమంది. మంచినీళ్లు వచ్చేదాకా కూర్చోమంది.

"కానీ బజారంతా భయంతో మూతపడిందని ఇన్‌స్పెక్టర్ అంటున్నారు" అన్నాడు మేజిస్ట్రేటు. "హింస అని నోటితో అనకపోయినా బెదిరింపు ఉండొచ్చు."

అప్పుడు ఆ వీడియో చూపించమన్నాను. బెంచి మీద ఫోన్ పెట్టారు.

"షట్టర్లు చూడండి సర్. పూర్తిగా దించినవి ఎన్ని, సగం దించినవి ఎన్ని?"

ఆయన వంగి చూశాడు. బజారు పొడుగునా షట్టర్లు నడుము దాకా దిగి ఆగి ఉన్నాయి.

ఇది పాతబస్తీ వాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతా వాళ్లకు చెప్పాలి. మా మేనమామకు యాకుత్‌పురాలో కిరాణా దుకాణం ఉండేది. భయమున్న రోజున ఆయన షట్టర్ నేల దాకా లాగి, రెండు తాళాలేసి, వెనక సందులోంచి ఇంటికి పరుగెత్తేవాడు. గల్లీలోంచి శవయాత్ర పోతుంటే, ఏ మతం వాళ్లదైనా సరే, షట్టర్ సగం దించి చేతులు కట్టుకుని నిలబడేవాడు. శవం మలుపు తిరిగాక మళ్లీ ఎత్తేవాడు. బంద్ పిలిచిన వాళ్ల మాటలో న్యాయం ఉందనిపిస్తే ఆ రోజంతా షట్టర్ సగమే. పైన చూస్తే బంద్, కింద చేయి పెడితే బెల్లం దొరుకుతుంది. నీ బాధ నాకు తెలుసు, నా కడుపు నీకు తెలుసు అని దాని అర్థం. ఎవడో కర్ర పట్టుకుని మూయిస్తే ఎవడూ సగం మూయడు. సగం మూసే ధైర్యం ఉండదు.

ఇదంతా చెప్పాను. మేజిస్ట్రేటు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"సోమవారం మీరు అక్కడే డ్యూటీలో ఉన్నారా?"

"ఉన్నా సర్. పొద్దటి నుంచి."

"చాయ్ తాగారా?"

వెనక అన్న ఎందుకో దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. తాగలేదు అని అనేయవచ్చు, ఎవరు చూడొచ్చారు? ఆయన అనలేదు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"తాగిన సర్. రెండు సార్లు."

"ఎక్కడిది?"

"బజార్ల నేను నిలబడ్డ కాడ ఎదురుంగ హోటల్‌ది. షట్టర్ కిందికెల్లి ఇచ్చిండ్రు."

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. మేజిస్ట్రేటు బల్ల మీద కొట్టి నిశ్శబ్దం చేయించాల్సి వచ్చింది. తర్వాత ఆమెను అడిగాడు, ఆ మాటలు మీవేనా అని. కుర్ర వకీలు కళ్లు మూసుకున్నాడు. ఇంత చెప్పాక ఇంకో మాట ఎక్కువ మాట్లాడిందంటే మొదటికే మోసం.

"నాయే సార్" అంది. అంతే.

పెద్ద సెక్షన్ ఈ సంగతులకు వర్తించదని రాసి, మిగతా వాటికి సొంత పూచీ మీద వదిలేశాడు మేజిస్ట్రేటు. బయట జనం కేకలు. ఆమె నా ముందు నుంచే పోతూ దండం పెట్టబోయి, నేను సర్కారు మనిషినని గుర్తొచ్చిందేమో, చేతులు సగంలో ఆపేసింది.

వరండాలో ఇన్‌స్పెక్టర్ నన్ను ఆపాడు. "మేడమ్, రేపు గిట్లనే ఎవలన్న పిలిచి, నిజంగనే లొల్లి అయితే? జిమ్మేదారి ఎవలిది?"

"రాయి విసిరినోడిది సార్. వాన్ని పట్టుకొని రండి, వాన్ని వదిలితే నన్ను అడగండి" అన్నాను. ఆయనకు పూర్తిగా నచ్చలేదు. తలూపి పోయాడు.

వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది. సర్కారు తరఫున ఉండి ముద్దాయికి అనుకూలంగా మాట్లాడినందుకు సంజాయిషీ ఇవ్వమని. సర్కారుకు వ్యతిరేకంగా ఏం మాట్లాడానో చూపిస్తే జవాబిస్తానని రాశాను. ఇప్పటికీ చూపించలేదు. పింఛను కాగితాలు కొన్నాళ్లు నిద్రపోయి లేచాయి. మా పై ప్రాసిక్యూటర్ ఫోన్ చేసి, "మొండిదానివి చెల్లెమ్మా" అన్నాడు. గొంతులో తిట్టు కంటే ఇంకేదో ఎక్కువ వినిపించింది. జల్‌పల్లిలో పైపు కూడా తవ్వి బాగు చేశారు, మెమో కంటే కొంచెం ఆలస్యంగా.

ఇక్కడితో ఆపేస్తే నేను మహా ధైర్యవంతురాలినని మీరు అనుకునే ప్రమాదం ఉంది. పరీక్ష ఇంకోటి మిగిలింది.

చిన్న కేసు ఉంది కదా, దానికోసం ఆమె ప్రతి వాయిదాకు కోర్టుకు వచ్చేది. పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చునేది. వచ్చినప్పుడల్లా ఆ తాళం చూసేది. ఒకసారి గుమాస్తాను అడిగింది, ఇంకోసారి సూపరింటెండెంటును అడిగింది, అర్జీ కూడా ఇచ్చింది. నా రిటైర్‌మెంట్‌కు కొద్ది రోజుల ముందు వాయిదాకు వచ్చిన ఆమె, గేటు బయట నిలబడి, మైకు లేకుండానే, ఆ గొంతుతో మొదలుపెట్టింది.

"అక్కలారా, చెల్లెలారా! కోర్టుకొచ్చే ఆడోళ్లకు బాత్రూం లేదు. ఉన్నదానికి తాళమేసిండ్రు. న్యాయం చెప్పే జాగల ఇదేం న్యాయం? తాళం తీసేదాక గీడనే కూసుందాం, రండ్రి!"

కాసేపటికి వాయిదాలకు వచ్చిన ఆడవాళ్లు, ఎవరి కేసులో ఎవరి మీద వచ్చారో మరిచిపోయి, గేటు ముందు వరసగా కూర్చున్నారు. లోపల గుమాస్తాలు నా గది ముందు మూగారు. అందరి మొహాల్లో ఒకటే మాట. చివరికి ఒకాయన అననే అన్నాడు.

"చూసిండ్రా మేడమ్? మీరు ఇడిపిస్తె మన మీదికే వచ్చింది."

మన మీదికే. ఆ మాట గుచ్చుకుంది. నా కోర్టు అది. అందులో ఉద్యోగం చేసి తల నెరిసింది. ఊళ్లో వాళ్ల ముందు, పేపర్ల వాళ్ల ముందు దాని పరువు పోతుంటే మనసులో ఎక్కడో, ఈమెకు ఇంత పొగరేమిటి అనే అనిపించింది. ఆ మాట నాలోంచి పుట్టినందుకు ఉలిక్కిపడ్డాను. సోమవారం బజారులో ఇరుక్కున్న ఆ కాన్వాయ్ పెద్దాయనకు కూడా అచ్చం ఇలాగే అనిపించి ఉంటుంది కదా. ఇంకొకరి సర్కారును తిట్టే హక్కు కోసం వాదించడం తేలికే. తిట్టు మన గుమ్మం ముందుకు వచ్చినప్పుడు తెలుస్తుంది, ఆ హక్కును మనం నిజంగా నమ్మామా లేదా అని.

లంచ్ టైమయింది. నల్లకోటు తీయలేదు. గేటు దాకా నడిచాను. అన్న గేటు దగ్గర లాఠీ పట్టుకుని, ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్నాడు.

"మేడమ్, లోపలికెల్లి అడుగుతున్నరు, కేసు పెట్టాల్నా అని. ఏ సెక్షన్ రాయమంటరు?"

"ఏ సెక్షనూ లేదన్నా. జర జరుగు."

ఆడవాళ్ల మధ్య ఖాళీ చూసుకుని కూర్చున్నాను. రోడ్డు వేడి చీరలోంచి కాలింది. ఆమె నన్ను చూసి అరుపు ఆపేసింది.

"ఆగినవేంది? చెప్పు" అన్నాను.

మళ్లీ అందుకుంది. రోడ్డుకు అవతల చాయ్ హోటల్ అతను బయటికి వచ్చి మమ్మల్ని ఒకసారి చూశాడు. లోపలికి పోయి కొక్కెం కర్ర తెచ్చి, షట్టర్‌ను సగం దాకా దించాడు.